సాక్షిగారి సంతకం పడని విల్లు

ఆ అపార్టుమెంటులో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ లేరు. పోస్టుమ్యాన్‌తో సహా అందరికీ ఆయన సాక్షిగారే. ఉద్యోగం నీటి మీటర్ల ఆఫీసులో స్టోర్సు గుమాస్తా. కుళాయిలు, రబ్బరు వాషర్లు, పైపు జాయింట్లు ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి అని చూసుకోవడం పని. ఆ ఆఫీసులో ఆయన్ని అడిగి ఎవరూ ఏదీ చెయ్యరు. ఒక వాషరు బయటికి వెళ్లాలన్నా పై అధికారి సంతకం కావాలి గానీ ఈయన సంతకంతో ఎవరికీ పనిలేదు. ఆ లోటంతా ఆయన బయట తీర్చుకునేవారు.

ఎక్కడ దస్తావేజు రాస్తుంటే అక్కడ ఆయన. అద్దె ఒప్పందం కానివ్వండి, అమ్మకం కానివ్వండి, అన్నదమ్ముల పంపకాలు కానివ్వండి, కాగితం చివర 'సాక్షులు' అన్న మాట కింద ఖాళీ కనబడితే చాలు, ఆయన చెయ్యి దురదపెట్టేది. పైసా పుచ్చుకునేవారు కాదు. ఆయన పుచ్చుకునేది వేరు. ముందు కుర్చీ అడిగేవారు. తర్వాత ఫ్యాను వెయ్యమనేవారు. ఆ తర్వాత కాగితం మొదటి అక్షరం నుంచి ఆఖరి అక్షరం దాకా పైకి చదివేవారు. ఎవరి వాటాలో వంటిల్లు పడింది, ఎవరికి బాల్కనీ దక్కలేదు, ఏ కోడలి పేరు కావాలనే వదిలేశారు, అన్నీ ఆయన గొంతులో మెట్ల దాకా వినబడేవి. "తెలియకుండా సంతకం పెట్టడం నా చేత కాదండీ" అనేవారు. తెలుసుకోవాలన్న ఆరాటాన్ని నియమంగా మార్చుకోవడం మాత్రం ఆయనకి బాగా చేతనయింది.

ఇక సంతకం. మొదట ఒక గుండ్రం, దాన్ని చుట్టి ఇంకో గుండ్రం, ఆ తర్వాత రైలు పట్టాలు పరిచినట్టు రెండు గీతలు, చివర కాగితం చిల్లుపడేలా ఒక చుక్క. కింద ఉద్యోగం, హోదా, ఇంటి నంబరు. రెండో సాక్షికి చోటు మిగిలితే మిగిలినట్టు, లేకపోతే అతను మార్జిన్లో ఇరుక్కోవలసిందే.

ఈ జబ్బు ఎక్కడ తగులుకుందంటే, కుర్రతనంలో ఒకసారి ఎవరిదో గోడ తగాదాలో ఆయన కోర్టులో సాక్ష్యం చెప్పారు. ఆ గోడ తన కళ్ల ముందే కట్టారని చెప్పారు, అంతే. జడ్జి తలెత్తకుండానే, "ఈ సాక్షి స్పష్టంగా చెబుతున్నాడు" అన్నాడట. అప్పటికి ఆయన్ని అంత మాట అన్నవాళ్లు ఇంట్లో లేరు, బళ్లో లేరు. ఆ ఒక్క వాక్యం మీద ఆయన ఒక జీవితం కట్టేసుకున్నారు. పునాది చూస్తే జాలేస్తుంది గానీ, పైన కట్టిన మేడ చూస్తే నవ్వొస్తుంది.

ఆయన ఉంటున్న ఇల్లు ఆయనది కాదు. పిన్నిది. తల్లి పోయాక పెంచింది ఆవిడే. టెలిఫోను ఎక్స్చేంజీలో ఆపరేటరుగా పనిచేసి, తన సంపాదనతో రెండో అంతస్తులో ఆ ఫ్లాటు కొనుక్కుంది. ఊరందరి మాటలూ చెవిలో వేసుకుని ఒక్కటీ బయటపెట్టకుండా ఉద్యోగం ముగించిన మనిషి. అలాంటావిడ పెంపకంలో ఇలాంటి గొంతు ఎలా తయారైందో ఎవరికీ అర్థం కాదు. బాబాయి ఎప్పుడో పోయాడు. ఆవిడకి పిల్లలు లేరు. సాక్షిగారు, ఆయన భార్య ఆవిడ దగ్గరే ఉంటున్నారు. భార్య ఒక బళ్లో లైబ్రరీ చూసుకుంటుంది. పుస్తకాల మధ్య పనిచేసీ చేసీ, ఆవిడకి తక్కువ మాట్లాడడం అలవాటైంది. ఆ తక్కువలోనే సరిపడా ఉండేది.

ఆ ఏడు పిన్నికి ఆయాసం మొదలైంది. గుండెలో కవాటమేదో సరిగ్గా మూసుకోవడం లేదని డాక్టరు చెప్పాడు. ఆవిడ ఇంటికి రాగానే, "విల్లు రాసేద్దాంరా" అంది, ఉప్పు అయిపోయిందన్నంత మామూలుగా.

సాక్షిగారి గుండె కూడా ఒక్కసారి లయ తప్పింది, ఆనందంతో. తన ఇంట్లో, తన బల్ల మీద, తన కోసమే ఒక దస్తావేజు.

"లాయర్ని అడిగితే మంచిదేమో" అంది భార్య.

"లాయరా? ఒక పేజీ విషయాన్ని ఒక కట్ట చేసి, అందులో మనల్నే వెతుక్కోమంటాడు. నేనుండగా లాయరెందుకు?"

స్టాంపు కాగితం తెచ్చారు. విల్లుకి అది అక్కర్లేదు, ఉంటే నిండుగా ఉంటుందని. ఇల్లు తన పేర రాయించారు. అది పిన్ని ఇష్టమే, ఆయన బలవంతమేమీ లేదు. తర్వాత పిన్ని అడిగింది, "మరి మిగిలిన సామాను సంగతి?"

"ఏముంది పిన్నీ, పాత కుర్చీలూ, కుట్టుమిషనూ. అవి మన లిఫ్టుబావకి పడేద్దాం. మూలుగుతూ మోసుకుపోతాడు."

లిఫ్టుబావ అంటే పిన్ని ఆడపడుచు కొడుకు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. చేతులకి ఎప్పుడూ గ్రీజు. వాడు సోఫాలో కూర్చుంటే సాక్షిగారు వెంటనే ఒక పాత దుప్పటి తెచ్చి పరిచేవారు, వాడు కూర్చున్న తర్వాత. అలాంటివాడికి కుర్చీలు రాయడంలో ఆయనకి ఎంత ఉత్సాహం వచ్చిందంటే, ఎప్పుడో ఒక పాత పంపకాల దస్తావేజులో చదివి మురిసిపోయిన వాక్యం ఒకటి తీసి అక్కడ అతికించారు: "ఇవిగాక నాకు చెందినదియు, చెందబోవునదియు, ఏ కారణముచేతనైనను పైవారికి చెందకపోయినదియు యావత్తు సదరు మేనల్లునికే చెందవలెను." చదివి, కళ్లు మూసుకుని, మళ్లీ చదివారు.

"కుర్చీలకి ఇంత భాష కావాలా?" అంది పిన్ని.

"దస్తావేజన్నాక బరువుండాలి పిన్నీ."

సాక్షుల దగ్గరికొచ్చేసరికి పిన్ని, "ఎదురింటావిణ్ని పిలుద్దామా?" అంది.

"ఆవిడా? ఆవిడకి తెలిస్తే లిఫ్టుకి కూడా తెలుస్తుంది. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండాలి. ఒక సాక్షి నేను. రెండోది ఇదుగో, ఇది."

"నాకివేం తెలియవు" అంది భార్య.

"తెలియక్కర్లేదు. నా పక్కన పెడుతున్నావు, అంతే."

పిన్ని సంతకం చేసింది. ఆయన గుండ్రాలు చుట్టి, పట్టాలు పరిచి, చుక్క పొడిచారు. మార్జిన్లో భార్య ఇరుక్కుంది. ఆ రోజు ఆయన అన్నం రెండోసారి వడ్డించుకున్నారు.

ఆపరేషనుకి రోజు కుదిరింది. పిన్నిని ముందుగా ఆసుపత్రిలో చేర్చుకున్నారు. అలాంటి సమయంలో మనిషి ఆసుపత్రిలో ఉండాలి. సాక్షిగారు మాత్రం, వీధి చివర మందుల షాపాయన విల్లు రాయించుకుంటున్నాడని తెలిసి, ఆయన వెంట లాయరమ్మ ఆఫీసుకి వెళ్లారు. జిరాక్సు షాపు పైన చిన్న గది. లాయరమ్మ ఈ మధ్యే ప్రాక్టీసు పెట్టింది. సాక్షిగారు ఆ గదిని చూశారు, ఆవిణ్ని చూశారు, కుర్చీ అడగకుండానే లాక్కున్నారు.

"చూడమ్మాయ్, విల్లంటే ఎలా ఉండాలో చెబుతాను విను. మొన్న మా పిన్నిది రాయించాను. బయటి పురుగు దూరలేదు. సాక్షులు నేనూ, మా ఆవిడా. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?"

లాయరమ్మ రాస్తున్న కలం ఆపింది.

"ఇల్లు ఎవరికి రాశారండీ ఆవిడ?"

"ఎవరికేమిటి, నాకే."

"అయితే మీకు రాదండీ."

మందుల షాపాయన కాలు మీద కాలు దించి, ముందుకు జరిగాడు.

"విల్లుకి సాక్షి సంతకం పెట్టినవాళ్లకి గానీ, వాళ్ల భార్యకో భర్తకో గానీ, ఆ విల్లు కింద ఏదీ దక్కదు" అంది లాయరమ్మ. "విల్లు చెల్లుతుంది. మీకు రాసినంత మేరకే చెల్లదు. లాభం పొందేవాడే సాక్షిగా ఉంటే ఆ సాక్ష్యాన్ని ఎవరు నమ్ముతారు చెప్పండి."

"అది పరాయివాళ్ల సంగతి. నేను ఆవిడ చేతుల్లో పెరిగాను."

"కన్నకొడుకైనా అంతేనండీ."

"నాకు కోర్టు అనుభవం ఉంది."

"అయితే మీకు ఇంకా తొందరగా అర్థమవుతుంది" అని, చట్టం పుస్తకం తిప్పి ఆయన ముందు పెట్టింది.

ఆయన అలవాటు కొద్దీ పైకి చదవడం మొదలుపెట్టారు. మొదటి ముక్క మెట్ల దాకా వినబడింది. రెండోది గుమ్మం దాకా. ఆఖరి ముక్క ఆయనకే వినబడలేదు.

"అంటే ఒక్క సంతకంతో పోయే ఇంటికి రెండు సంతకాలు పెట్టించారన్నమాట. గట్టి సాక్ష్యమే" అన్నాడు మందుల షాపాయన.

"నా సంతకం కొట్టేస్తేనో?"

"ముట్టుకోకండి. అది మరో కేసవుతుంది. ఆవిడ ఉన్నారు కదా, కొత్తది రాయించండి. చిన్న పని."

"రేపు కాక ఎల్లుండి పొద్దున గుండె ఆపరేషను" అన్నారు సాక్షిగారు. ఆ గదిలో ఆయన గొంతు మొదటిసారి మనిషి గొంతులా వినిపించింది.

లాయరమ్మ కొంచెం మెత్తబడింది. "రేపు సాయంత్రం నేనే ఆసుపత్రికి వస్తాను. ఇద్దరు సాక్షుల్ని చూసుకోండి. విల్లులో ఏదీ ముట్టనివాళ్లయి ఉండాలి."

ఇంటికొచ్చి భార్యకి చెప్పారు. ఆవిడ తిట్టలేదు. అందుకే ఆయనకి భయం వేసింది.

"మీరు పైకి చదివారు కదా. రెండుసార్లు చదివారు కూడాను" అంది.

"చట్టం అలా ఉంటుందని నాకేం తెలుసు?"

"మనకి కాకపోతే మరి ఇల్లు ఎవరికి పోతుంది?"

ఆయన గోడ వైపు తిరిగి చెప్పారు. "ఏ కారణముచేతనైనను పైవారికి చెందకపోయినదియు..."

"లిఫ్టుబావకా?"

"ఆఁ."

ఆవిడ కుర్చీలో కూలబడింది. ఏడుస్తోందనుకుని ఆయన దగ్గరికెళ్లారు. నవ్వుతోంది. నవ్వు ఆగాక కళ్లు తుడుచుకుని, "కుట్టుమిషనుతో సహానా?" అని అడిగి మళ్లీ మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున సాక్షుల కోసం బయల్దేరారు. ఇన్నేళ్లు ఊరందరికీ సాక్షిగా నిలబడ్డవాడికి ఇద్దరు సాక్షులు దొరకరా అనుకున్నారు. ఎదురింటావిడ తలుపు సగమే తీసింది.

"నేనెందుకులెండి అన్నయ్యగారూ. నాకు తెలిస్తే లిఫ్టుకి కూడా తెలుస్తుందట కదా."

"ఎవరన్నారండీ అలా?"

"మీరే. మీరు మాట్లాడితే మాకు రేడియో పెట్టుకోవలసిన పని ఉండదు."

పై అంతస్తులో డ్రైవింగు నేర్పే మాస్టారు టవలుతో తల తుడుచుకుంటూ విన్నాడు. "నా సంతకం మూడో తరగతి పిల్లాడిదన్నారు కదండీ, మా అద్దె కాగితం అప్పుడు. కోర్టులో నిలబడదేమో, ఎందుకొచ్చిన గొడవ" అన్నాడు. అపార్టుమెంటు సెక్రటరీ ఇంట్లో లేనని తనే తలుపు వెనకనుంచి చెప్పాడు. సాక్షిగారు కాలుగాలిన పిల్లిలా మెట్లెక్కి దిగి, దిగి ఎక్కి, చివరికి ఇంటికొచ్చి చెప్పులతోనే కూర్చున్నారు. అందరి కాగితాల మీదా ఆయన పేరుంది. ఆయన కాగితం మీద పెట్టడానికి ఒక్కడి పేరూ లేదు.

భార్య పొయ్యి మీద టీ పెట్టి, కొంగు సర్దుకుని బయటికెళ్లింది. టీ పొంగేలోగా తిరిగొచ్చింది.

"ఎదురింటావిడా, మాస్టారూ వస్తామన్నారు."

"నాతో రామన్నారే?"

"అత్తయ్యగారి కోసం వస్తున్నారు. మీరక్కడ మాట్లాడకూడదని చెప్పారు. నేను ఒప్పుకున్నాను."

ఆసుపత్రి గదిలో పిన్ని దిండుకి ఆనుకుని కూర్చుంది. లిఫ్టుబావ అప్పటికే అక్కడున్నాడు, మంచం తల వైపు ఎత్తే మర బిగుసుకుపోతే తిప్పి సరిచేస్తూ. పిన్నికి చెప్పక తప్పదు, అదీ వాడి ముందే. సాక్షిగారు నీళ్లు నమిలి, తడబడి, మొత్తానికి చెప్పారు. ఎక్స్చేంజీలో విన్నట్టే పిన్ని మధ్యలో ఒక్క మాటా అడ్డం రాకుండా వింది.

"అంటే నువ్వు సంతకం పెట్టకపోతే ఇల్లు నీకొచ్చేది."

"అవును పిన్నీ."

"పెట్టమని నిన్నెవరు అడిగారు?"

"ఎవరూ అడగలేదు."

"దాని చేత కూడా పెట్టించావు."

"పెట్టించాను."

పిన్ని లిఫ్టుబావ వైపు తిరిగింది. "ఒరేయ్, విన్నావా? నేను పోతే ఇల్లు నీదేనట."

వాడు పానా పక్కన పెట్టి, చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. "మార్చేయత్తా, వాళ్లుంటున్న ఇల్లు నాకెందుకు. కానీ బావా, ఈ సంగతేదో కాస్త ముందు చెప్పుంటే రెండ్రోజులు సంతోషపడేవాణ్ని కదా."

లాయరమ్మ వచ్చింది. ఆవిడ వెనకే ఎదురింటావిడా, మాస్టారూ. సాక్షిగారి భార్య అప్పటికే మందుల చీటీ తీసుకుని కిందికి వెళ్లిపోయింది. లాయరమ్మ సాక్షిగార్నీ లిఫ్టుబావనీ బయటికి వెళ్లమంది.

"నేనుంటే తప్పేముందమ్మా?" అన్నారాయన. నిన్నటి 'అమ్మాయ్' పోయి 'అమ్మా' వచ్చింది. "సంతకం పెట్టను. ఊరికే చూస్తాను."

"మీరు లోపలుంటే, మీరు ఒత్తిడి చేసి రాయించారని రేపు ఎవరైనా అనొచ్చు."

"ఒక్క మాటా మాట్లాడను."

"బయటికెళ్లరా" అంది పిన్ని.

వెళ్లారు. తలుపు మూసుకుంది. వరండాలో బల్ల మీద కూర్చుని, ఆయన తలుపు వైపే చూశారు. ఎవరెవరి కాగితాలో చదివారు, ఎవరెవరి ఇళ్ల గోడలు లెక్కపెట్టారు. తన తలమీది కప్పు సంగతి తేలుతుంటే చదవడానికి లేదు. పిన్ని గొంతు బయటికి రాదు, అది ఆవిడ ఉద్యోగధర్మం. ఒకసారి మాత్రం లోపల అందరూ కలిసి నవ్వారు. ఆపరేషను ముందురోజు మనిషి గదిలో, విల్లు రాస్తూ, నవ్వు. తనని చూసే నవ్వారని ఆయనకి సందేహం లేదు. ఆ విషయంలో ఆయన తెలివిని తప్పుపట్టలేం.

"ఏం రాస్తున్నారో తెలుసుకోవాలని ఉందా బావా?" అన్నాడు లిఫ్టుబావ.

"నాకెందుకు?"

"నాకూ అక్కర్లేదు" అని వాడు లేచి వెళ్లి తలుపుకి చెవి ఆనించాడు. కాసేపటికి తిరిగొచ్చి కూర్చున్నాడు. "మంచి తలుపు. ఏం వినబడదు."

ఆ మాటతో ఇద్దరికీ ఎందుకో కొంచెం తేలికపడింది. ఇన్నేళ్లలో వాళ్లిద్దరూ ఒకే బల్ల మీద, మధ్యన దుప్పటి లేకుండా కూర్చోవడం అదే మొదలు. తలుపు తెరుచుకుంది. కాగితం కవరులో పెట్టి, అంటించి, లాయరమ్మ తన సంచిలో వేసుకుపోయింది. కవరు కూడా చూడనివ్వలేదు.

ఆపరేషను బాగా జరిగింది. పిన్ని ఇంటికొచ్చింది, ముందుకంటే చురుగ్గా. సాక్షిగారు మాత్రం తిండి తగ్గించారు. మంచినీళ్లు అడగకముందే అందించేవారు. దిండు సర్దేవారు. కిటికీ తలుపు వేయనా తీయనా అని అడిగేవారు. పిన్ని అన్నీ చేయించుకునేది గానీ నోరు విప్పేది కాదు. ఎదురింటావిడని మెట్ల మీద ఆపి, వాతావరణం గురించి మాట్లాడి చూశారు. ఆవిడ నోరు ఎంత గట్టిదో ఆయనకప్పుడు తెలిసింది. మాస్టారు, "నాకేం గుర్తులేదండీ, నేను సంతకమే పెట్టాను, చదవలేదు" అన్నాడు. సాక్షులు చదవరా అని సాక్షిగారు విస్తుపోయారు. చదవక్కర్లేదు. విల్లు రాసిన మనిషి సంతకం పెట్టడం చూస్తే చాలు. ఇన్నేళ్లూ అంత చదువు దండగన్నమాట.

ఆఖరికి ఒక మధ్యాహ్నం, మాత్రలు వేయిస్తూ, ఉండబట్టలేక అడిగేశారు. "పిన్నీ, ఇల్లు..."

"నీ పెళ్లాం పేర రాశాను."



"దాని పేరనా? మరి నేను?"

"నీకూ రాశాను. బతికున్నంత కాలం ఇందులో ఉండొచ్చు. అమ్మడానికి లేదు, అద్దెకివ్వడానికి లేదు, ఇంకెవరికీ రాసివ్వడానికి లేదు. ఉండొచ్చు."

"అంటే ఇంటి మీద నాకు హక్కు లేనట్టే కదా."

"ఉండే హక్కు ఉంది. అది లేకుండా చేసుకున్నది నువ్వు, మళ్లీ తెచ్చిపెట్టింది నేను. ఇల్లు నీ చేతిలో పెడితే ఎక్కడో ఖాళీ కనబడిన కాగితం మీద మళ్లీ పొడిచేస్తావు. దానికా దురద లేదు." మాత్ర మింగి, నీళ్లు తాగి, గ్లాసు చేతికిచ్చింది. "కుట్టుమిషను వాడికే."

సాక్షిగారు గ్లాసు బల్ల మీద పెట్టి లెక్క చూసుకున్నారు. ఇల్లు ఎక్కడికీ పోలేదు. భార్య ఎక్కడికీ పోవడం లేదు. తనకి తగిలింది ఎక్కడో చూపించమంటే చూపించలేరు, కానీ తగిలింది.

వంటింట్లోకి వెళ్లారు. భార్య చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఎదురుగా పీట లాక్కుని, ఒక కాయ తీసుకుని, ఎలా తీయాలో తెలియక తిప్పుతూ కూర్చున్నారు.

"విన్నావా?"

"విన్నాను. అత్తయ్యగారు మెల్లగానే చెప్పారు. మీరే గట్టిగా అడిగారు."

"నీకు ముందే తెలుసా?"

"తెలియదు."

ఆవిడ ముఖం చూసి నిజమేననుకున్నారు. అబద్ధం చెప్పేటంత అవసరం ఆవిడకి ఎప్పుడూ రాలేదు. ఆయన ఇంకో కాయ తీసుకుని, దాన్ని కూడా పాడుచేసి, తలొంచుకునే అడిగారు.

"రేప్పొద్దున నువ్వు నన్ను బయటికి పొమ్మంటే?"

"పొమ్మనడానికి లేదుట కదా, బతికున్నంత కాలం" అంది ఆవిడ, ఆయన చేతిలో నలిగిపోయిన కాయని తీసి పక్కన పడేస్తూ. "అది రాయించేముందు అత్తయ్యగారు నన్నొక మాట అడగాల్సింది."